చెరుకు లైన్లో అంబాసిడర్

నడవని కారును ఊళ్లోకి తేవడంలో పెద్ద కష్టమేమీ లేదు. నడుస్తుందని ఊరంతా చాటి ఆ తర్వాత తేవడంలోనే ఉంది అసలు కష్టం. రెంజల్ పక్క పల్లెలో చెరుకు పండించే బాపురావు ఈ రెండో రకం కష్టాన్ని ఏరికోరి నెత్తికెత్తుకున్నాడు.

"నిజామాబాద్‌ల అంబాసిడర్ ఖరీదు జేసిన. నేనే నడుపుకుంట వస్త, సూడుండ్రి," అని చాయ్ హోటల్లో నలుగురి ముందు అనేశాడు. కారును ఆయన చూసింది ఒక్కసారే, అదీ ఒక ముసలి వకీలు గారి పెరట్లో. తలుపులు వేస్తే పడ్డాయి. వెనక సీటు మీద కూర్చుంటే మెత్తగా దిగింది. ఇంజను సంగతి అడగాలని ఆయనకు తట్టనే లేదు, ఎందుకంటే ఆయన కొంటున్నది ఆ వెనక సీటును.

దానికో కారణం ఉంది. పోయిన ఏడాది వేల్పూర్‌లో చుట్టాల పెళ్లికి ఇంటిల్లిపాదీ బాపురావు అన్న ఆత్మారాం జీపులో వెళ్లారు. ఆత్మారాం మనిషి మంచివాడు, నోరే మంచిది కాదు. అందరికీ సీట్లు దొరికాయి గాని బాపురావు భార్య హన్మవ్వకు మాత్రం వెనకాల వంట బగోనల మధ్య చోటు దొరికింది. "మరదలు బక్కగుంటది, యాడన్న ఇముడుతది," అన్నాడు ఆత్మారాం. అందరూ నవ్వారు, హన్మవ్వ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక చీరకంటిన మసి దులుపుకుంటూ, "ఏమయ్యా, ఒక్కపారన్న మంచిగ కార్ల కూసోవాలె నేను," అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆ మాట బాపురావు గుండెలో ముల్లయి దిగింది.

తీరా బండి తెచ్చుకుందామని వెళ్లిన రోజు మెకానిక్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"ఇంజన్ పట్టేసింది పటేలా."

"అంటే నడవదా?"

"ఎందుకు నడవదు? నలుగురు నూకితే నడుస్తది."

ఆపదలో ఆదుకున్నవాడు నర్సన్న. మిలిటరీ వేలంలో కొన్న పాత పికప్ ఒకటుంది ఆయనకు. దాని అసలు రంగేమిటో కనిపెట్టినవాడు లేడు. బాపురావు చెరుకు ట్రాలీని ఆ పికప్ వెనక తగిలించి తెచ్చాడు. ట్రాలీని గూడ్సు షెడ్డు గట్టుకు ఆనించి, హమాలీల చేత కారును నెట్టించి ఎక్కించారు. చక్రాల కింద రాళ్లు పెట్టి, పైనుంచి మోకులు బిగించారు.

ఇంటికొచ్చే బండికి ఇల్లాలు పసుపు కుంకుమలు పెట్టాలని హన్మవ్వ కూడా పట్నం వచ్చింది. బానెట్‌కు బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, తిన్నగా వెళ్లి కారు వెనక సీట్లో కూర్చుంది. ఇక దిగమంటే దిగదు.

"పికప్‌ల ముందట కూసో హన్మవ్వా," బతిమాలాడు బాపురావు.

"నా కారు ఈడుండంగ మంది బండ్ల నేనెందుకు కూసుంట?"

ఆ మాటకు జవాబు ఏ కోర్టులోనూ దొరకదు. ఆమెను అలాగే ఉంచి బయల్దేరారు గాని బాపురావు మనసు మనసులో లేదు. ట్రాలీ మీద ఊరేగుతున్న కారును ఆత్మారాం చూశాడంటే ఇంకేమన్నా ఉందా? తాను సరే, మొగవాడు, పడతాడు. హన్మవ్వను చూసి మళ్లీ నలుగురూ నవ్వడం ఆయన భరించలేడు. అందుకని ఎడపల్లి దాటాక తెలిసినవాళ్ల చేను దగ్గర ఆపించి ఒక ఉపాయం చేశాడు. అది చెరుకు కొట్టే కాలం. ఆ రోజుల్లో బోధన్ రోడ్డు మీద చెరుకు బండిని తలెత్తి చూసేవాడు ఉండడు. కారు మొత్తానికి చెరుకు ఆకు కప్పి, చూసేవాళ్లకు అనుమానం రాకుండా పక్కల రెండు కట్టల చెరుకు కూడా కట్టారు. ఊరి బయట కాల్వ గట్టు మీద కారును దించి పల్లానికి వదిలితే, ఇంటి దాకా అదే దొర్లుకుంటూ పోతుందని పథకం.

"గాలికి జర సందు పెట్టుండ్రి," అని లోపల్నించి హన్మవ్వ అంటే కిటికీ దగ్గర ఆకు కాస్త పలచన చేశారు.

బోధన్ దాకా బాగానే సాగింది. చక్కెర ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి పికప్ ముందు భాగం పొగలు కక్కింది. రోడ్డు పక్కన ఆపి నర్సన్న నీళ్లకు పోయాడు. ఆయన బిందె నింపుకుని వచ్చేలోగా ముందు పది ఎడ్లబండ్లు, వెనక పది ఎడ్లబండ్లు చేరిపోయాయి. ఆపిన చోటు ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండ్ల వరుస. ఒక పక్క కందకం, ఒక పక్క లారీలు. ఫ్యాక్టరీ జవాను ఈల ఊదుతూ వచ్చాడు.

"ఏయ్ ట్రాలీ! జరుగు ముందుకు! అందర్నీ ఆపుతున్నవ్!"

బాపురావు ఆయనకు ఉన్న సంగతి చెప్పేద్దామనే నోరు తెరిచాడు. అంతలో రెండు బండ్ల ముందు నుంచి "తమ్మీ!" అన్న కేక వినబడింది. ఆత్మారాం. తన చెరుకు బండి దిగి ఇటే వస్తున్నాడు. బాపురావు తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

"నీ చెరుకు ఇంక చేన్లనే ఉన్నది గదరా. గిదెవరిది?"

"దోస్తుది అన్నా. పాపం, మంచం పట్టిండు."

"మరి కారేది? నేనే నడుపుకుంట వస్తనన్నవు?"

"ఎనక వస్తున్నది."

"నువ్వీడుంటే ఎనక ఎవరు నడుపుతుండ్రు?"

బాపురావుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. "హన్మవ్వ కార్లనే ఉన్నది," అన్నాడు. ఆ రోజు ఆయన నోటివెంట వచ్చిన నిజం అదొక్కటే. ఆకుల్లోంచి ఒక దగ్గు వినిపించింది. నర్సన్న చప్పున తానే దగ్గినట్టు గొంతు సవరించుకున్నాడు.

"హన్మవ్వ నడుపుతున్నదా!" ఆత్మారాం కళ్లు పెద్దవి చేసి, ఆ ఆశ్చర్యంలో అలవాటు కొద్దీ ట్రాలీ మీదికి చెయ్యి చాపాడు. అక్కడి ఆనవాయితీ అది. చెరుకు బండి ఎవరిదైనా కానీ, దారిన పోయేవాడు ఒక గడ లాక్కుని నమిలితే అడ్డం చెప్పే హక్కు బండి యజమానికి లేదు. వద్దన్నవాడు పిసినారి కింద లెక్క. బాపురావు వద్దనలేడు, ఊరుకోలేడు. ఆత్మారాం చెయ్యి ఆకుల్లో దూరి, దూరి, సరిగ్గా కిటికీలోకి పోయింది.

లోపల హన్మవ్వ ఆ చేతికున్న ఉంగరం చూసి బావగారిదని గుర్తుపట్టింది. ఆలస్యం చెయ్యకుండా పక్క కట్టలోంచి ఒక గడ లాగి ఆ చేతిలో పెట్టింది.

"వార్నీ! చేతికిచ్చినట్టే వచ్చింది తమ్మీ!"

"మంచి చెరుకన్నా," అన్నాడు బాపురావు, చెమట తుడుచుకుంటూ.

ఊరికే ఉంటే ఆయన ఆత్మారాం ఎందుకవుతాడు? ఆ ట్రాలీలో గడలు లాగే పనే లేదు, అవే చేతిలోకి వస్తున్నాయని వరుసంతా చెప్పాడు. బండ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టసాగారు. హన్మవ్వ పెళ్లిలో తాంబూలాలు పంచినట్టు పంచింది. కట్టలు ఖాళీ అయినా చేతులు ఆగలేదు. విసుగొచ్చి ఆఖరి చేతి మీద ఫెడీమని ఒక్కటి ఇచ్చింది. ఆ చేతివాడు కెవ్వుమని ఎగిరి, "పాము! పాము!" అంటూ ఉరికాడు. ఆ దెబ్బతో ట్రాలీ చుట్టూ మనిషన్నవాడు లేడు. బాపురావు చాలాసేపటి తర్వాత గాలి పీల్చుకున్నాడు.

ఇక ఉన్న ఆశల్లా ఫ్యాక్టరీ గేటు మీదే. ఫ్యాక్టరీ ఇచ్చే అనుమతి చిట్టీ లేని బండిని లోపలికి రానివ్వరు, మెడబట్టి గెంటుతారు. ఆ గెంటడం కోసమే ఆయన కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు. గేటు దగ్గర జవాను చిట్టీ అడిగాడు.

"లేదు," అన్నాడు బాపురావు, పండగ మొహంతో.

"లేకపోతేంది? నా రెండో బండి ఇయ్యాల రాలేదు. దాని చిట్టీ ఈనికియ్యి. మా తమ్ముడు!" అంటూ ముందు నుంచి ఆత్మారాం పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొందరి మేలు అట్లా ఉంటుంది. శత్రువైతే ఈపాటికి గెంటించేవాడు. బాపురావు కక్కలేక మింగలేక దండం పెట్టి చిట్టీ తీసుకున్నాడు.

కాంటా మీద ట్రాలీ ఎక్కింది. తూచే గుమాస్తా, "ఆకు ఎక్కువున్నది గాని చెరుకు మస్తు గట్టిదున్నది," అని మెచ్చుకున్నాడు. అక్కడినుంచి వెనక్కి తిప్పే దారి లేదు. సరాసరి చెరుకు మోపుల్ని ఎత్తి గానుగలో వేసే క్రేన్ కిందికే. పాము మాట అప్పటికే అక్కడికీ చేరడంతో, కూలీలు ఆకు ముట్టకుండా దూరం నుంచే పైనున్న మోకులకు కొక్కేలు తగిలించారు. బాపురావు "ఆగుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాడు గాని ఆ మిషన్ల రొదలో ఆయన గొంతు ఆయనకే వినబడలేదు. క్రేన్ గుంజింది. కారు ముందు చక్రాలు జానెడు లేచాయి.

"ఓ అయ్యలారా! ఆపుండ్రి! లోపల నేనున్న!"

చెరుకు మోపులోంచి ఆడమనిషి గొంతు వచ్చేసరికి క్రేన్ నడిపేవాడు అదిరిపడి చెయ్యి వదిలేశాడు. కారు ధబ్బున ట్రాలీ మీద పడింది. ఆ కుదుపుకు ఆకంతా జలజలా రాలిపోయి, పసుపు బొట్ల తెల్ల అంబాసిడర్ బయటపడింది. వెనక సీట్లో హన్మవ్వ, ఎదురుగా బావగారున్నారు గనుక తలమీద కొంగు లాక్కుని, కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది.

ఆత్మారాం నోట్లో చెరుకు ముక్క నోట్లోనే ఉండిపోయింది. తర్వాత అది ఉమ్మేసి నవ్వడం మొదలుపెట్టాడు. "తమ్మీ, కారును గానుగ పట్టిద్దామనుకున్నవారా! రసం ఎంతెల్తదో సూసెటోళ్లం గదా!" అన్నాడు. బండ్లవాళ్లు, కూలీలు, గుమాస్తా, జవాను అందరూ పొట్టలు పట్టుకున్నారు. "నడుస్తదంటివి గదరా తమ్మీ!"

బాపురావుకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన బాధ నవ్వుల గురించి కాదు. తనను నమ్మి ఒక్క కోరిక కోరిన మనిషిని తెచ్చి ఇంతమంది మధ్య బొమ్మలా నిలబెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్రాలీ అంచు పట్టుకుని మెల్లగా అన్నాడు.

"దిగు హన్మవ్వా. పికప్‌ల పోదాం. నన్ను మాఫ్ చెయ్యి. నడవని కారు తెచ్చిన."

"ఎందుకు దిగాలె?" అంది హన్మవ్వ. గొంతు పెద్దగా చెయ్యలేదు గాని అందరికీ వినబడింది. "నేను కార్ల కూసోవాలన్న. అది నడవాలని ఎన్నడన్న అన్ననా?"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి. ఆత్మారాం దగ్గరికొచ్చి, ఎన్నడూ లేనంత మెత్తగా, "ఆకు మల్ల కప్పాల్నా తమ్మీ?" అని అడిగాడు.

హన్మవ్వ బావగారితో ఎదురుగా మాట్లాడే మనిషి కాదు. మొగుడి వైపు తిరిగి, "వద్దని చెప్పు," అంది. తర్వాత కొంగు సర్దుకుని సీట్లో ఓ పక్కకు జరిగింది. "నువ్వు గూడ రా. నేనొక్కదాన్నే ఎంతసేపు కూసుంట?"

బాపురావు చక్రం మీద కాలు పెట్టి ట్రాలీ ఎక్కాడు, తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. నర్సన్న పికప్ కదిలించాడు. చెరుకు బండ్ల వరుస పొడుగునా జనం ఈలలు వేశారు. అది దాటేదాకా బాపురావు తల ఎత్తలేదు. బోధన్ దాటాక కిటికీలోంచి బయటికి చూశాడు. ఊరు దగ్గరపడేసరికి, ఎవరూ చెప్పకుండానే, మోచెయ్యి తీసి కిటికీ మీద పెట్టాడు.