తొమ్మిదివందల చీటీ

నేను ఒక ధరచీటీని. వయసు పెద్దదేం కాదు, అయినా కాకినాడలో నాకు కాస్త పేరుంది. జ్యేష్ఠమాసంలో ఒక బట్టల షాపు మేనేజరు సత్తిరాజు గారు నామీద "డిజైన్ 417, రూ. 900" అని ముద్ర వేసి, నెమలికంఠం రంగు చీరకు దారంతో కట్టారు. ఆ చీరను ఒక టీచరమ్మ కొని, ఫాల్ కుట్టమని నూకరత్నానికి ఇచ్చింది.

కాగితం ముక్క పారేయాలంటే నూకరత్నానికి ప్రాణం ఒప్పదు. నా దారం కత్తిరించి, నా వెనకవైపు టీచరమ్మ జాకెట్టు కొలతలు రాసి, కుట్టుమిషను పక్కన మేకుకు గుచ్చింది.

ఆషాఢం వచ్చింది. ఊరంతా తగ్గింపు బోర్డులే. హాస్టల్లో వంట చేసే పక్కింటి కరుణమ్మ ఒక మధ్యాహ్నం వెలిగిపోతున్న ముఖంతో వచ్చి, మిషను మీద చీర పరిచింది.

"రెండువేల నాలుగొందల చీర వదినా, సగానికే కొట్టేశాను. గేస్ బండకి దాచిన మూడొందలూ కలిపేశాననుకో. మళ్ళీ ఇంత చవగ్గా దొరకదు కదా."

దానికి వేలాడుతున్న చీటీని చూసి నాకు నవ్వాగలేదు. అదీ 417 డిజైనే, నా తోబుట్టువే. 2400 అని రాసి కొట్టేసి, కింద ఎర్రగా 1200 వేశారు. నెల తిరక్కుండా మావాడికి ఎంత హోదా పెరిగిందో చూడండి. నూకరత్నం మేకు నుంచి నన్ను తీసి దాని పక్కన పెట్టింది. కరుణమ్మ రెండుసార్లు చదువుకుంది.

"అయితే మూడొందలు ఎక్కువిచ్చానన్నమాట. ఇంట్లో బండ అయిపోవచ్చింది. ఎలాగ వదినా?"

ఆమె ముఖం చూసి నా నవ్వు నాకే సిగ్గనిపించింది. "లే, పద," అంది నూకరత్నం.

షాపులో సత్తిరాజు గారు నన్ను చూసి, "అది పాత స్టాకండి," అన్నారు.

"నంబరు ఒకటేగా అండి. పోనీ, కన్జ్యూమర్ కోర్టులో అడుగుదామా?" అంది నూకరత్నం, గొంతు పెంచకుండా.

బిల్లు కోసం వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతిలో ఉన్న అదే 417 చీరలు మాకొద్దన్నట్టు కౌంటరు మీద పెట్టేశారు. సత్తిరాజు గారికి చెమటలు పట్టాయి.

"ఆ చీటీ ఇలా ఇచ్చేయండి, మూడొందలూ ఇచ్చేస్తాను."

"కుదరదండి. దీనెనకాల టీచరమ్మ జాకెట్టు కొలతలున్నాయి."

షాపంతా ఘొల్లుమంది. కరుణమ్మకు ధైర్యం వచ్చింది. "నాకొక్కదానికే కాదండి. ఈళ్ళందరికీ తొమ్మిదొందలకే ఇవ్వండి."

ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు? కరుణమ్మ దారిలోనే బండ బుక్ చేసింది. ఆవేళ నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు నా కాపురం నూకరత్నం బిస్కట్ల డబ్బాలో. ఊళ్ళోని షాపులన్నిటి పాతచీటీలూ నాకు తోడున్నాయి. తగ్గింపు బోర్డు కనిపిస్తే చాలు, ఆడవాళ్ళు ముందు ఇక్కడికొచ్చి మమ్మల్ని తిరగేసి, ఆ తర్వాతే షాపుకు వెళ్తున్నారు. మొన్న గుమ్మంలో ఎవరో చెప్పులు విప్పుతున్న చప్పుడైంది. చూస్తే సత్తిరాజు గారు.

"మా ఆవిడకి చీర కొనాలండి," అన్నారు నెమ్మదిగా. "ఎదురు షాపులో సగం ధరంటున్నారు. పాత చీటీ ఏదైనా ఉందాండి?"