వెళ్ళేదాన్ని

బీరకాయల తొక్కు పచ్చడికని పక్కన పెడుతూ, ఇందు లోలోపల స్పానిష్ క్రియలు వల్లె వేసుకుంటోంది. ఆ భాషలో ‘వీలుంటే చేసేదాన్ని’ అనడానికి క్రియను కోయనక్కర్లేదు. మాటనంతా అలాగే ఉంచి చివర ‘ఈయా’ చేరిస్తే చాలు. అబ్లార్ అంటే మాట్లాడటం. అబ్లరీయా అంటే మాట్లాడేదాన్ని. కొన్ని మొండి క్రియలు మాత్రం రూపు మార్చుకుంటాయి. ‘చేయడం’ అనే అసేర్, అరీయా అయి కూర్చుంటుంది. అలాంటివన్నీ పోపు వేస్తూ బట్టీ పట్టింది. తెలుగులో తను ‘వెళ్ళేదాన్ని’ అంటే మొగుడు ‘వెళ్ళేవాణ్ణి’ అంటాడు. అక్కడ ఇద్దరికీ ఒకటే మాట, ఇరీయా. అది తెలిసిన రోజంతా ఆమెకి ఎందుకో సంతోషంగా గడిచింది.

ఆమె పనిచేసే మందుల ఎగుమతి ఆఫీసుకి పెరూ దేశం నుంచి ఫోన్లు వస్తుంటాయి. ఆ భాష ఎవరైనా నేర్చుకుంటారా అని మేనేజరు అడిగినప్పుడు ఇందు చెయ్యెత్తింది. ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళు మీకెందుకండీ అని ఆయన నవ్వేశాడు. అయినా ఆదివారం సాయంత్రాలు ఫోను బియ్యం డబ్బాకి ఆనించి, ఆన్‌లైన్ క్లాసు వినడం మొదలుపెట్టింది. బెల్లం మార్కెట్లో దుకాణం నడిపే భర్త త్రినాధరావు, ఆ భాషతో ఎవరిని ఉద్ధరిస్తావన్నాడు. ఆ దేశపోళ్ళు మనింటికి సంబంధానికొత్తారేటని అత్తగారు మరిడమ్మ అడిగింది. తల్లీ కొడుకూ నవ్వుకున్నారు. ఇందు కూడా నవ్వి, అన్నం వార్చింది.

ఆ ఆదివారం లూసియా టీచర్ అడిగింది, రోజంతా నీకు ఖాళీ ఉంటే ఏం చేసేదానివని. ఇందు తడుముకోలేదు. ఇల్లు దులిపేదాన్ని, దుప్పట్లు ఉతికేదాన్ని, పిల్లలకి జంతికలు చేసేదాన్ని అని గడగడా చెప్పింది. ఒక్క తప్పు లేదు. లూసియా మెచ్చుకుంది. ఆ తర్వాత మెల్లిగా, “ఇవన్నీ ఎలాగూ చేసేవే కదా ఇందూ. నీకోసం ఏం చేసేదానివి?” అంది.

ఇందుకి వ్యాకరణమంతా వచ్చు, చెప్పడానికి కోరికే దొరకలేదు. ఆయనకి చారులో మిరియాలు ఎక్కువుండాలి, అత్తగారికి అన్నం మెత్తగా ఉండాలి, పెద్దాడికి పాల మీద మీగడ కనపడకూడదు. తనకేం ఇష్టమో అడిగినవాళ్ళు లేరు. ఎవరూ అడగక తనూ ఆ సంగతే మరిచిపోయింది. ఇంతలో టీ అయిందా అని ముందుగదిలోంచి అత్తగారి కేక వినిపించింది. ఎప్పుడైనా సరే, ఆ కేక వినగానే క్లాసు వదిలి లేచేది. ఈసారి లేవలేదు.

“ఇరీయా అల్ మార్,” అంది. సముద్రానికి వెళ్ళేదాన్ని. కాస్త ఆగి, “సోలా,” అని కలిపింది. ఒక్కదాన్నే.

సముద్రం ఎంతో దూరమూ కాదు. పూడిమడకకి బస్సుంది. వెళ్ళినప్పుడల్లా పులిహోర గిన్నెలూ తువ్వాళ్ళూ మోసుకెళ్ళి, అందరి చెప్పులకీ కాపలా కూర్చుని రావడమే గానీ, నీళ్ళలో తృప్తిగా నిలబడింది లేదు.

మర్నాడు భర్తకి కాఫీ ఇస్తూ, వెళ్ళొచ్చాండీ అనబోయి ఆగింది. పెళ్ళయినప్పటి నుంచీ తన మాటలన్నీ అలా అడగడంతోనే ముగుస్తున్నాయని తోచింది.

“ఆదివారం పూడిమడక వెళ్తన్నానండి. ఒక్కదాన్నే.”

“ఆదివారం అప్పా బావా వత్తన్నారు కదా. వంటెవరు సేత్తారు?”

“మీ అప్పకి మీరే వండి పెట్టండి.”

త్రినాధరావు దిక్కుతోచక తల్లి వైపు చూశాడు. మరిడమ్మ కోడలి మొహంలోకి చూసింది.

“ఎల్లనీరా,” అంది. “నాకూ ఎల్లాలని ఉండీది.”

ఆదివారం మునగపాక చెరకు తోటల మీదుగా బస్సు వెళుతుంటే ఇందు కిటికీ పక్కన కూర్చుంది. సముద్రంలో మోకాళ్ళ దాకా దిగింది. చీర తడిసి బరువెక్కింది. పిలిచి పని చెప్పేవాళ్ళు లేరు. కాల్చిన మొక్కజొన్న కండె కొనుక్కుని, ఎవరికీ తుంచి ఇవ్వకుండా మొత్తం తనే తింది. ఇంత చిన్న పనికి గుండె ఇలా ఉప్పొంగుతుందని ఆమెకి తెలియదు.

ఇంటికొచ్చేసరికి తొట్టి నిండా గిన్నెలు, మాడిన కుక్కరు. వాటిని ముట్టుకోకుండా ఫోను తీసుకుని ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. లూసియా పాత పాఠమే మొదలుపెట్టి, సముద్రానికి వెళ్ళేదాన్ని అని మళ్ళీ ఒకసారి చెప్పమంది.

ఇందు తల అడ్డంగా ఊపింది.

“ఫ్వీ,” అంది. వెళ్ళాను.