వేలి చప్పుడు

అద్దం ముందు కూర్చుని, ముసుగును తిరగేసి, లోపలి అస్తరు కుడుతున్నాడు బాబాయ్. రబ్బరు చెంపలకు ఒరుసుకుపోతుందని భార్య ఎప్పుడో పాత దిండుగలీబు కత్తిరించి వేసిన అస్తరు అది. దవడ దగ్గర కుట్టు విడిపోయింది. సూది మాటిమాటికీ జారిపోతోంది. పొద్దున మెట్లెక్కినప్పటి నుంచీ ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి ఉంది. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. నుదుటి మీద చెమట తుడుచుకుని, ఎవరూ చూడలేదు కదా అని అద్దంలోంచి వెనక్కి చూశాడు.

చెబితే షూటింగు ఆపేస్తారు. ఇవాళ ఆగకూడదు. ఇవాళ ఆయన మొహం తెర మీద పడే రోజు.

వీడియో క్యాసెట్ల కాలంలో ముసుగు హంతకుడు కావాలంటే ఆయనకే కబురొచ్చేది. పొడుగాటి మనిషి, వంగిన భుజాలు, మోకాళ్ల దాకా వేలాడే చేతులు. మాట ఉండదు, మొహం ఉండదు, పేరు అసలే ఉండదు. తెర మీద ఊళ్లకు ఊళ్లను నరికిన ఈ మనిషి ఇంట్లో బొద్దింక కనబడితే భార్యను కేకేసేవాడు. ఆ సినిమాలు ఆగిపోయాక గోదాముకు కాపలా ఉన్నాడు. భోజనాల దగ్గర బావమరిది మాత్రం వదిలేవాడు కాదు. "నువ్వే వేశావని నమ్మకమేంటి బావా? ఆ ముసుగులో గుమ్మడికాయ పెట్టినా అంతే కదా!" అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. చెయ్యి కడుక్కునేటప్పుడు మాత్రం మనసు చివుక్కుమనేది.

ఆ క్యాసెట్లు చూసి పెరిగిన కుర్ర డైరెక్టరు ఇప్పుడు అచ్చం అలాంటిదే తీస్తానని ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చివర్లో హంతకుడు దెబ్బ తిని పడిపోతాడు. చచ్చాడనుకుని అమ్మాయి వెనక్కి తిరుగుతుంది. వాడు లేచి పట్టుకుంటాడు, ఆమె ముసుగు లాగేస్తుంది. అంతే, మొహం! ఆ మాట విన్న దగ్గర్నుంచీ భార్యకు కాలు నిలవలేదు. "ఏవండీ, నున్నగా గడ్డం గీసుకెళ్లండి, నలుగురూ చూసే మొహం" అని పొద్దున్నే నీళ్లు కాచి ఇచ్చింది.

"బాబాయ్, రెడీనా?" డైరెక్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

కుట్టు సగంలో ఉంది. తర్వాత చూద్దామని దారాన్ని పంటితో తెంపి లేచాడు.

పాత ఇంటి కిటికీలకు నల్ల కాగితాలు అంటించి మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేశారు. గొడ్డలి చెక్కది, నెత్తురు పంచదార పాకం. లోపల నిలబెట్టిన అట్టగోడను ఆనుకుంటే గోడే కదులుతుంది. పైన పటారం, లోన లొటారం.

"మన సినిమాల్లో కథ గోరంత, నెత్తురు కొండంత" అన్నాడు బాబాయ్, ఊపిరి కూడదీసుకుంటూ. "వీధి తలుపు తెరిచే ఉంటుందా, పిల్ల మాత్రం మేడమెట్లే ఎక్కుతుంది! జనం నవ్వేవాళ్లు. కానీ ఖాళీ వసారా చూపిస్తే చాలు, నోరు మూసుకునేవాళ్లు. ఖర్చులేనిది ఎదురుచూపొక్కటే నాయనా. దాన్ని మాత్రం తొందరపెట్టకు."

హీరోయిన్‌గా వేస్తున్న అమ్మాయి దగ్గరకొచ్చింది. "లేచే ముందు చెప్తావుగా బాబాయ్?"

"చెప్పనూ? రెండుసార్లు వేలితో నేల కొడతాను. అప్పుడు అరువు."

వెనకటికి ఒక అమ్మాయి నిజంగానే జడుసుకుని మూర్ఛపోయింది. అప్పటి నుంచీ ఆయన పెట్టుకున్న అలవాటది. భయం తెర మీద ఉండాలి గాని మనిషికెందుకంటాడు.

అమ్మాయి చేతి గొడ్డలి దెబ్బ పడింది. బాబాయ్ కూలిపోయాడు. ముసుగులో ఊపిరి వేడిగా కొట్టుకుంటోంది. రొమ్ములోని నొప్పి దవడ దాకా పాకింది. ఒక్కసారి లేస్తే చాలు, ఆ తర్వాత ఆస్పత్రికి పోదాం అనుకున్నాడు. వేలు ఎత్తబోయాడు.

అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడింది. కెమెరా తిరుగుతోంది. చప్పుడు లేదు. వీపు మీద చెమట దిగుతోంది ఆమెకు. ఇంకా చప్పుడు లేదు. "అబ్బ! ఏం ఆపుతున్నాడో చూడు" అని డైరెక్టరు పక్కవాడి చెవిలో గొణిగాడు. ఎవరూ కదల్లేదు.

"బాబాయ్" అంది అమ్మాయి తిరక్కుండానే. "కొట్టు బాబాయ్."

ఇక ఉండబట్టలేక తిరిగింది. మోకాళ్ల మీద కూలబడి ముసుగు లాగేసింది. నున్నగా గీసిన మొహం, తెరిచిన కళ్లు. ఆమె అరిచిన అరుపుకు కెమెరా ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

సాయంత్రం బావమరిది అక్కను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వచ్చాడు. మాటలపోగైన ఆ మనిషి గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె చాలాసేపు ఏడ్చి, డైరెక్టరును పిలిచింది.

"ఆయన మొహం పడిందా బాబూ?"

"పడిందమ్మా." తల దించుకున్నాడు. "మీరు ఉంచమంటే ఉంచుతాను. తీసెయ్యమంటే తీసేస్తాను."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. తమ్ముడి వైపు చూసింది, భర్త వైపు చూసింది.

"తీసెయ్యి నాయనా. చూసినవాళ్లు నిజంగా జడుసుకుంటారు. అది ఆయనకి ఇష్టం ఉండదు."

అందరూ ఆయన వెంట వెళ్లిపోయారు. నల్ల కాగితాలు చించేసిన కిటికీ పక్కన, అద్దం ముందు, ఎవరో తెచ్చి పెట్టిన ముసుగు లోపలిభాగం పైకి వచ్చేలా పడి ఉంది. దిండుగలీబు అస్తరు చెమటతో ఇంకా తడిగానే ఉంది. దవడ దగ్గర పంటితో తెంపిన దారం వేలాడుతోంది.