నమిలిన కాలర్లు

నేను ఒక ఇత్తడి ఇస్త్రీపెట్టెను. మొదలుపెట్టే ముందే ఒక క్షమాపణ చెప్పుకోవాలి. నాకు చేతులు లేవు కనుక నా మాటలు రాసిపెడుతున్నది నా యజమానురాలు నూకరత్నం. ఆమె నలభై దాటాక అక్షరాలు దిద్దుకుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటుంది. ఈ నాలుగు మాటలకే రెండు మధ్యాహ్నాలు పట్టాయి. తప్పులుంటే ఆమెవి, చిరాకు ఉంటే నాది.

నన్ను పోతపోసిన కంచరి పనివాడు మూతమీద చిన్న కోడిపుంజును నిలబెట్టాడు. ఎందుకో నాకు తెలియదు. నన్ను కొన్నది నూకరత్నం మామగారు. ఆయన నాతో ప్లీడర్ల నల్లకోట్లు ఇస్త్రీ చేశాడు. తరవాత ఆయన కొడుకు అప్పలస్వామి చేతికి వచ్చాను. మెత్తని మనిషి, చెయ్యి మాత్రం బరువు. అతను కామెర్లతో పోయాక, పదకొండో రోజు దాటగానే అతని భార్య నూకరత్నం నాలో కొబ్బరిచిప్పల బొగ్గులు వేసి రాజేసింది. "ఇప్పుడు బట్టమీద వేరే నీళ్ళు చల్లక్కర్లేదు తమ్ముడూ" అని వాచ్‌మన్ సింహాచలంతో అంటూ కళ్ళు తుడుచుకుంది.

కాకినాడలో ఒక అపార్టుమెంటు మెట్ల కింద ఉండేది మా బల్ల. పైన ముప్పై ఇళ్ళు. మనుషులు బడిని బోర్డు చూసి తెలుసుకుంటారు. మేము బట్టలు చూసి తెలుసుకునేవాళ్ళం. గగనదీప టెక్నో స్కూలు పిల్లల ప్యాంట్లకు మట్టి అన్నది అంటేది కాదు. నీలం చొక్కాల కాలర్ల కొసలు మాత్రం నమిలి నమిలి పీచు లేచి ఉండేవి. పరీక్షల నెలలో మరీ ఎక్కువ. ఎంత వేడిమీద ఒత్తినా ఆ పీచు అణగదు. రైలుగేటు అవతల సోమరాజు మాష్టారి హైస్కూలు ఉంది. ఆ ఖాకీ ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర వెలిసిపోయి, ఉతికి ఆరేసినా జేబులో ఒక గోళీ మిగిలి వచ్చేవి. కాలర్లు మాత్రం చెక్కుచెదిరేవి కావు. నూకరత్నం వాటిని తడిమి చూసి, "ఈ పిల్లలు నవ్వుతారు" అనేది.

ఆమె కొడుకు తాతాజీ. బట్టల మూటలు పంచుతూనే ముప్పై ఇళ్ళ లెక్కలూ నోటితో చెప్పేసే పిల్లవాడు. చదివే మున్సిపల్ బడి ఎనిమిదో తరగతితో అయిపోయింది. తొమ్మిది ఎక్కడ అన్నది ప్రశ్న. అక్కడి నుంచి నా అవస్థ మొదలైంది.

మూడో అంతస్తు పద్మజగారు చీరలు ఇవ్వడానికి వచ్చి అడిగింది. "ఏం నూకరత్నం, పిల్లాణ్ణి ఎక్కడ వేస్తున్నావు?"

"మాష్టారి బళ్ళో అనుకుంటున్నానండమ్మా."

"ఆ రేకుల షెడ్డులోనా? లెక్కలొచ్చిన పిల్లాణ్ణి పాడుచేస్తావా ఏంటి? మంచి ప్రైవేటు స్కూల్లో వెయ్యి. మా వాడి ఇంగ్లీషు విన్నావుగా, గగనదీపలో నేర్చిందే."

వాళ్ళవాడి ఇంగ్లీషు ఆవిడ విన్నది. వాళ్ళవాడి కాలరు నేను చూశాను. కాని ఇస్త్రీపెట్టెను సలహా అడిగేవాళ్ళెవరు?

తాతాజీ కూడా అదే పాట. "అమ్మా, వాళ్ళ టైలన్నీ నేనే మోస్తున్నాను. ఒక్కటైనా నేను కట్టుకోకూడదా?"

నూకరత్నం ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే, "చదువురాని దాన్ని, నాకేం తెలుసు" అంది. నాకు నిప్పులు వేయకుండానే ఒళ్ళు మండింది. తెలుసు కదా. ఆరేళ్ళుగా ఆ బడులను వేళ్ళతో చదువుతూనే ఉంది కదా.

గగనదీపలో చేర్చుకునే ముందు తల్లిని కూడా ప్రశ్నలు అడిగారు.

"ఇంట్లో చదివించేది ఎవరు?"

"నేనేనండి."

"మీరేం చదువుకున్నారు?"

"నేను చదివించేదాన్నండి. చదువుకున్నదాన్ని కాదు."

అక్కడున్నవాళ్ళు నవ్వారట. డబ్బుకు మాత్రం చదువు వచ్చా అని వాళ్ళు అడగలేదు. ఆమె చీటీని నష్టానికి పాడుకుని ఫీజు కట్టింది. చొక్కాలు, టై, బెల్టు, బూట్లు కూడా అక్కడే కొనాలన్నారు. కొంది. తమ అబ్బాయి తరగతిలోనే తాతాజీ చేరాడని తెలిశాక పద్మజగారు, "అంత భారం నీకెందుకే, ఏదో ఒక బడి సరిపోయేది కదా" అంది. ఆ వారం నుంచి వాళ్ళ బట్టలు వీధి చివరి షాపుకు వెళ్ళాయి.

పిల్లవాడు పొద్దున ఆరింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాడు. శనివారం శనివారం పరీక్ష. మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవాళ్ళు. తాతాజీ ఒక్కో మెట్టే కిందికి దిగాడు. లెక్కలు పైకి చెప్పడం మానేశాడు. తరవాత మాటలే మానేశాడు. అన్నం పెట్టనా అంటే "ఊఁ". ఇంకాస్త అంటే తల అడ్డంగా ఊపడం.

నాలుగో నెలలో ఒక రోజు అతని చొక్కా నా కిందికి వచ్చింది. కాలరు కొస పీచు లేచి ఉంది. నూకరత్నం దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది. నన్ను ఇటుకమీద పెట్టేసింది. బొగ్గులు బూడిదైనా నన్ను ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే అతని డైరీ తీసుకెళ్ళి సింహాచలానికి చూపించింది. పేజీ పేజీకీ కింద ఆమె పేరుతో చక్కని సంతకం ఉంది. తల్లి వేలిముద్ర చూసి తోటివాళ్ళు నవ్వారని, పిల్లవాడే పెట్టుకుంటున్నాడు.

"నాకు అక్షరాలు నేర్పు తమ్ముడూ."

"ఈ వయసులో ఏటక్కా?"

"నా సంతకం నాకంటే నా కొడుకు బాగా పెడుతున్నాడు. ఇంకెప్పుడు నేర్చుకోను?"

నాలో వేసే బొగ్గుల్లోంచి ఒక ముక్క తీసి బల్లమీద 'అ' దిద్దించాడు సింహాచలం. దసరా వెళ్ళి సంక్రాంతి సెలవులయ్యేసరికి డైరీలో తెలుగులో రాసిన మాటలు కూడబలుక్కుని చదవగలిగింది. 'చురుకుదనం లేదు' అని ఒకచోట రాసి ఉంది. ఆ మాట చదివి, లేచి, రైలుగేటు దాటి సోమరాజు మాష్టారి దగ్గరికి వెళ్ళింది.

"మధ్యలోనా? సరేలే అమ్మా, టీసీ పట్రా. బల్లమీద చోటు చూస్తాను. ఫీజు నెలనెలా ఇద్దువుగాని" అన్నాడాయన.

టీసీ కోసం గగనదీప నాలుగుసార్లు తిప్పింది. ఏడాది ఫీజు మొత్తం కడితేగాని ఇవ్వం అన్నారు. పిల్లవాడు కూర్చోని నెలలకు కూడా కట్టింది. చివరికి గుమస్తా ఒక కాగితం ముందుకు తోశాడు. ఈ సంగతి నేను చూడలేదు. మర్నాడు బల్ల దగ్గర ఆమె సింహాచలానికి చెబుతుంటే విన్నాను.

"ఎందుకు మానిపిస్తున్నావో రాయాలమ్మా" అన్నాడట గుమస్తా. "ఇల్లు మారుతున్నాం అని రాసెయ్. అందరూ అదే రాస్తారు."

"ఇల్లు మారట్లేదండి."

"మారకపోతే ఏమైంది, కాయితం వచ్చి మీ ఇల్లు చూస్తదా? చెప్పు, నేను రాస్తా. నువ్వు వేలిముద్ర వెయ్యి."

"కలం ఇలా ఇవ్వండి బాబూ."

వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటున్నారట. ఆమె ఒక్కో అక్షరం పైకి అనుకుంటూ రాసింది. 'మా అబ్బాయి మాట్లాడటం మానేశాడు. అందుకు తీసుకుపోతున్నాను.' కింద సంతకం పెట్టింది.

గుమస్తా చదివి, తల ఎత్తి, మళ్ళీ చదివాడు. "ఇది రికార్డులో ఉండిపోద్దమ్మా."

"ఉండిపోవాలనే రాశానండి."

ఇదంతా రాసిపెట్టింది నేను, రాపర్తి నూకరత్నం, వయసు యాభై ఎనిమిది. ఇప్పుడు సామర్లకోటలో, మా అబ్బాయి తాతాజీ మోటారు వైండింగ్ షాపు వెనక గదిలో ఉంటున్నాను.