ఆపా ఆరు చుక్కలు

మా అత్తగారికి పదిహేనేళ్లుగా షుగరు. మంచు కమ్మేసిన డిసెంబరులో, మా నారిన్ పట్నం ఆసుపత్రిలో డాక్టర్ నుర్జాత్ రిపోర్టు చూసి పెదవి విరిచింది. కిడ్నీలు దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతోందట, ఒంట్లో విటమిన్ డి అడుగంటిందట.

"మాత్రలు మానకండి. వాటితోపాటు రోజూ ఈ ఆరు చుక్కలు. ప్రొటీన్ తగ్గకపోతే వేసవికి కొండమీదికి పంపను, ఆసుపత్రి దగ్గరే ఉండాలి," అంది.

మేమంతా ఆపా అని పిలిచే మా అత్తగారు నలభై ఏళ్లలో ఒక్క వేసవి కూడా కొండమీది పచ్చిక మానలేదు. అక్కడ గుర్రాల పాలు పితకకపోతే ఆవిడకు బతుకే లేదు.

మార్చికల్లా సీసాలు ఖాళీ అయ్యాయి, అంకెలు మాత్రం కదల్లేదు.

"ఏమ్మా కోడలా, సరిగ్గా వేస్తున్నావా?" అని డాక్టరు నన్నే నిలదీసింది. ఒళ్లు మండిపోయింది. నేనేమన్నా తాగేశానా?

మర్నాడు పొద్దున తలుపు చాటున కాపు కాశాను. పక్కింటి బురుల్చా టీకి వచ్చింది. ఆపా రొట్టె ముక్క మీద రెండు చుక్కలు వేసి ఆవిడకిచ్చింది. వెనకే మరో ఇద్దరు వచ్చారు. వాళ్లకూ రెండేసి. ఆపాకి మిగిలింది ఉత్త రొట్టె!

"ఆపా! మందు పంచిపెడుతున్నారా?"

"మనిషి ఎదురుగా కూర్చుంటే నేనొక్కదాన్నే గుటుక్కున మింగనా? సిగ్గుండొద్దూ?"

"అయితే కిడ్నీలు కూడా పంచండి!" అన్నాను. అంతలోనే ఏడుపొచ్చేసింది.

ఆవిడ మారదు. అందుకే వచ్చేవాళ్ల మీద పడ్డాను.

"రేపట్నుంచి ఆపా సీసా తీస్తే నోరు కాదు, చేతులు తెరవండి. దీవించండి. ఎవరైనా ఒక్క చుక్క నాకారో, ఈ ఇంట్లో మళ్లీ టీ పుట్టదు!"

మా దగ్గర పెద్దవాళ్లు అరచేతులు తెరిచి 'ఓమిన్', అంటే తథాస్తు, అని దీవిస్తే కాదనడానికి లేదు. ఆపాకంటే నాలుగేళ్లు పెద్దదైన బురుల్చా రోజూ అరచేతులు ముఖానికి రాసుకుని, "కిడ్నీలు చల్లగా ఉండాలి, ఓమిన్! ఇక మింగవే," అనేది. ఆపా గొణుక్కుంటూ ఆరు చుక్కలూ మింగేది.

జూన్ రిపోర్టులో ప్రొటీన్ సగానికి సగం తగ్గింది!

"అందరికీ ఇలా పనిచేయదు. మాత్రలూ పథ్యమూ వదలొద్దు. కొండమీదికి వెళ్లిరండి," అంది నుర్జాత్.

"ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ, మందు తాగేసింది నేనేనా?" అని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నా గుండె బరువు దిగిపోయింది.

ఆపాకి ఇవేవీ చెవికెక్కలేదు. సంతోషంతో సంచిలోంచి సీసా తీసింది. ఆ పూట మందు ఇంకా వేసుకోలేదు.

"ఇంత మంచి కబురు చెప్పావు తల్లీ, రెండు చుక్కలు నువ్వూ వేసుకో!"

నుర్జాత్ నాకేసి చూసింది. పెన్ను పక్కన పెట్టి, రెండు అరచేతులూ తెరిచింది.