బావి చెప్పిన తేదీ

కొట్టాయం నుంచి పాలా వెళ్ళే బస్సుకి కండక్టరు లిస్సీ. తెల్లారకుండానే లేచి, పెరటి బావిలో నీళ్ళు తోడుకుని స్నానం చేసి, డిపోకి పరుగెత్తడం ఆమె దినచర్య. నెలకొక్క రోజు మాత్రం తోడే పని ఉండదు. ఆమె అండం విడుదలయ్యే రోజున బావి నీళ్ళు గట్టుదాకా వచ్చేస్తాయి, మర్నాటికి దిగిపోతాయి. అత్తగారు ఏలియమ్మ వయసులో ఉన్నప్పుడూ అంతేనట. ఆ రోజు ఇంటిల్లిపాదీ చెంబుతో ముంచుకుంటారు.

తొమ్మిదేళ్ళుగా బావి పొంగుతూనే ఉంది, లిస్సీ కడుపు మాత్రం పండలేదు. ఆసుపత్రిలో చల్లగా దాచిన మూడు పిండాల్లో రెండు కడుపులో పెట్టినా నిలవలేదు. ఇక మిగిలింది ఒక్కటి.

"మాత్రలు వాడితే తేదీ మన చేతిలో ఉంటుంది," అంది డాక్టరమ్మ. "వద్దంటే మీ నెలని దానంతటది నడవనిద్దాం. అండం విడుదలయ్యాక ఐదో రోజున పిండం పెడతాం. ఆ రోజేదో కనిపెట్టడానికి మాటిమాటికీ స్కానింగుకి రావాలి. మీకు నెలలు సరిగ్గానే వస్తున్నాయి, రెండూ మంచివే. మీ ఇష్టం."

ఆ 'మీ ఇష్టం' లిస్సీని స్థిమితంగా ఉండనివ్వలేదు. బస్సులో ఒకరి చిల్లర ఇంకొకరికిచ్చి తిట్లు తింది.

"మాత్రలే వాడవే, సెలవు పెట్టుకోవడానికైనా వీలుంటుంది," అంది ఏలియమ్మ కర్రపెండలం చెక్కు తీస్తూ.

"రెండుసార్లూ అవేగా వాడాను అమ్మచ్చీ! ఆ నెలల్లో బావి ఉలకలేదు, పలకలేదు."

"పొంగినప్పుడు మాత్రం ఏం ఒరగబెట్టింది?"

లిస్సీకి ఏడుపొచ్చింది. ఆ మాట తనూ ఎన్నిసార్లు అనుకుందో! "ఈ ఒక్కసారికి నా ఒంటి మాట వింటాను," అంది మొండిగా.

నెలసరి మొదలైన పన్నెండో రోజు స్కానింగులో అండం ఇంకా చిన్నగానే ఉంది. సోమవారం రమ్మన్నారు. శనివారం బస్సు ఏట్టుమానూర్ దాటుతుండగా ఏలియమ్మ ఫోను చేసింది.

"బావి నీళ్ళు గట్టు దాటి వంటింటి గుమ్మంలోకి వస్తున్నాయే! ఆసుపత్రికి పో!"

లిస్సీ గంట కొట్టి బస్సు ఆపింది. "వర్కీ చేట్టా, నేను దిగి ఆసుపత్రికి పోవాలి. మా బావి పొంగింది."

"కండక్టరు లేకుండా బండెలా కదులుతుందమ్మా?" అన్నాడు డ్రైవరు వర్కీ.

"బావి పొంగిందంటుంటే దింపడమేంటయ్యా? బస్సే వెనక్కి తిప్పు!" ముందు సీట్లో ముసలావిడ కసిరింది. పెళ్ళికి పోతున్నవాళ్ళు కాసేపు గొణిగారు, తర్వాత వాళ్ళే తొందరపెట్టారు.

డాక్టరమ్మ స్కానింగు చూసి, "ఇవాళే విడుదలవుతుంది. సోమవారం దాకా ఆగితే రోజు తప్పిపోయేది," అంది. లెక్కకట్టి గురువారం పిండం పెట్టింది.

వారం తిరక్కుండా బావి మళ్ళీ పొంగింది. ఈసారి దిగలేదు. మండుటెండలకి ఊళ్ళో బావులన్నీ ఎండి, చుట్టుపక్కలవాళ్ళు బిందెలతో వచ్చారు. లిస్సీకి ఆశపడాలంటేనే భయం. బావివైపు చూడకుండా, ఒకామె నింపుకున్న బిందె తనే ఎత్తబోయింది. ఏలియమ్మ లాక్కుంది.

"ఇంకా పరీక్షే కాలేదు అమ్మచ్చీ."

"అయ్యేదాకా నేను మోస్తాలే."

పరీక్షలో కడుపు నిజమేనని తేలింది. ఆ తర్వాత కూడా ఏలియమ్మ ఆమెని బిందె ముట్టుకోనివ్వలేదు.