పైవీధి కొలత

ఆ ఊళ్ళో వాన పడితే సంబరపడే మనుషులు ఐదుగురే ఉండేవారు. తక్కిన జనం ఆరని బట్టల్ని చూసి విసుక్కుంటూ, గొడుగు మరిచిపోయినందుకు తమని తామే తిట్టుకుంటూ ఉంటే, ఈ ఐదుగురూ పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి ఎవరి పెరట్లోకి వాళ్ళు వెళ్ళి, వర్షమాపకంలో చేరిన నీళ్ళని గీతలున్న గాజు గొట్టంలోకి వంచి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రాసుకునేవారు. ఎవరూ పురమాయించిన పని కాదు. వాన లేని రోజున కూడా వెళ్ళి, ఖాళీ గొట్టాన్ని ఒకసారి చూసి, సున్నా అని రాసుకుని వచ్చేవారు.

ఆ అంకెలన్నీ చేరేది పుస్తకాలకు బైండింగు చేసే ఒక యాభై తొమ్మిదేళ్ళ మనిషి దగ్గరికి. అతనూ ఆ ఐదుగురిలో ఒకడే. ఎనిమిదీ ఐదుకల్లా మిగతా నలుగురి అంకెలూ అతని ఫోనుకి రావాలి. ఎనిమిదింబావు దాటినా ఎవరిదైనా రాకపోతే అతనే ఫోను చేసేవాడు. జ్వరంతో పడుకున్నవాళ్ళని లేపి అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇరవై మూడు ఉంటుందేమో అని ఎవరైనా అంటే, ఆ 'ఏమో' ఎన్ని మిల్లీమీటర్లు అని ఎదురడిగేవాడు. అందుకే వాళ్ళలో ఒకడైన రిటైరైన రైలు గార్డు అతనికి మిల్లీమీటరు అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, చిరిగిన నిఘంటువులు పట్టుకుని దుకాణానికి వచ్చేవాళ్ళు కూడా మిల్లీమీటరు గారున్నారా అని అడిగేవారు. అతను నొచ్చుకోకపోగా లోలోపల మురిసిపోయేవాడు.

ఈ పిచ్చి అతనికి అంటించింది ఆ ఐదుగురిలో ఒకరైన అక్క. అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. హైస్కూలు ప్రయోగశాలలో సహాయకురాలిగా చేసి రిటైరైంది. బడిలో పనికిరాదని మూల పడేసిన వర్షమాపకాన్ని అడిగి తెచ్చుకుని, పైవీధిలో తమ ఇంటి వెనక పెరటి చివర చిన్న దిమ్మె కట్టించి దాని మీద నిలబెట్టింది. అది ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట. తమ్ముడికి గొట్టం చూడటం నేర్పిందీ ఆవిడే. నీళ్ళు గాజుని పట్టుకుని అంచుల్లో కాస్త పైకి పాకుతాయని, ఆ అంచు చూడకూడదని, నడిమధ్య గుంటపడ్డ చోటు చూడాలని, అందుకు మోకాళ్ళ మీద కూర్చుని కన్ను దానికి సమానంగా పెట్టాలని చెప్పింది. నిలబడి చూసిన అంకె నాకొద్దు అనేది.

బావ పోయాక ఆ ఇంట్లో అక్కా, ఆవిడ కూతురూ మిగిలారు. మేనకోడలు బేకరీలో పని చేసేది. తెల్లారకముందే వెళ్ళి పదింటికి తిరిగొచ్చేది. పెళ్ళి మాట ఎత్తనివ్వని బైండరుకి సొంతవాళ్ళని చెప్పుకోవడానికి ఈ ఇద్దరే.

ఆ ఏడు ఆకులు రాలే కాలం మొదలైన వారానికి వాన పట్టుకుంది. మొదటి మూడు రోజులూ ఈ ఐదుగురూ పెళ్ళివారిలా హడావిడి పడ్డారు. ఐదో రోజుకి గార్డు తన వర్షమాపకం పొద్దుటికల్లా పొంగిపోతుందేమోనని రెండు పూటలా కొలవడం మొదలుపెట్టాడు. ఎనిమిదో రోజున ఏటి ఒడ్డు వీధిలోవాళ్ళు పరుపులూ పుస్తకాలూ అటకలెక్కించారు. బైండింగు దుకాణంలో జిగురు ఆరడం మానేసింది. అట్టలు ఉబ్బాయి. మర కింద బిగించిన పుస్తకాలు మూడు రోజుల తర్వాత తీసినా చేతికి చల్లగా, మెత్తగా తగిలేవి. పనులు ఆగిపోయాయి, అయినా అతనికి పట్టలేదు. పాత రిజిస్టర్లన్నీ తిరగేస్తే ఏ ఏడాదీ ఈ కాలం మొత్తానికి నాలుగు వందల పన్నెండు మిల్లీమీటర్లు దాటలేదు. ఈసారి పదకొండో రోజుకే ఆ అంకె వెనకబడిపోయింది.

పన్నెండో రోజున వాతావరణ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. ఏటి పక్కనున్న తమ కొలత కేంద్రం నీళ్ళలో కొట్టుకుపోయిందని, మీ దగ్గర రోజువారీ లెక్కలున్నాయని విన్నామని, అవి పంపగలరా అని అడిగారు. ఇన్నాళ్ళూ ఊరివాళ్ళు పనిలేని పని అని నవ్విన దాన్ని ఇప్పుడు కార్యాలయంవాళ్ళే అడుగుతున్నారు. మర్నాడు అతను దాచుకున్న కొత్త చొక్కా తీసి వేసుకుని దుకాణం తెరిచాడు.

పంపేముందు ఒకసారి సరిచూద్దామని కూర్చున్నాడు. నలుగురి అంకెలూ ఇంచుమించు దగ్గరదగ్గరగానే నడుస్తున్నాయి. పైవీధి వరుస దగ్గరికొచ్చేసరికి అతని పెన్సిలు ఆగిపోయింది. నలభై, ముప్పై ఐదు, అరవై, నలభై ఐదు. చుక్క తర్వాత ఏమీ లేదు. జీవితమంతా చుక్క తర్వాత అంకె కోసం మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి రాసేవేనా ఇవి? కొన్నిచోట్ల మిగతావాళ్ళకంటే ఒకటిన్నర రెట్లు ఉంది, కొన్నిచోట్ల తక్కువ. వెనక్కి తిప్పితే వేసవి ముందు నుంచీ అదే వరస. వానలు తక్కువగా ఉన్న రోజుల్లో ఆ తేడా అతని కంట్లో పడలేదు, అంతే.

అక్కకి ఫోను చేశాడు.

"నిన్న అరవై అన్నావు అక్కా. గార్డుది ముప్పై తొమ్మిది పాయింటు రెండు. మీ ఇద్దరికీ మధ్య కిలోమీటరు కూడా లేదు."

"కొండ పక్కన కదరా. ఇక్కడ ఎప్పుడూ ఒక చెయ్యి ఎక్కువే."

"సరిగ్గా అరవయ్యా? పాయింటు ఏమీ లేదా?"

ఆవిడ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి పెట్టేసింది.

దుకాణం నుంచి పైవీధికి నడిస్తే ఇరవై నిమిషాలు. వెళ్ళి ఎదురుగా కూర్చుని ఏమైందక్కా అని అడిగి ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన అతనికి రాకపోలేదు. కానీ కార్యాలయంవాళ్ళు సాయంత్రం లోపల లెక్కలు కావాలన్నారు, బయట కుండపోతగా కురుస్తోంది, పైగా అక్క తనతో అబద్ధమాడిందన్న కోపం. ఫోనులో ఐదుగురూ చూసే చోట ఇలా రాశాడు: పైవీధి కొలతలు నమ్మదగ్గవి కావు. ఈ ఏడాదివన్నీ లెక్కలోంచి తీసేస్తున్నాను. చూడకుండా అంకెలు వేసేకంటే మానెయ్యడం మంచిది.

గార్డు వెంటనే విడిగా ఫోను చేసి, పెద్దావిడ కదయ్యా, నలుగురిలో అలా అనాలా అని మందలించాడు. బైండరు తప్పుని తప్పంటే ఏమిటని వాదించాడు. కాసేపటికి అక్క నుంచి జవాబు వచ్చింది. సరే తమ్ముడూ, అని మాత్రం ఉంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదీ ఐదుకి ముగ్గురి అంకెలు వచ్చాయి. పైవీధి నుంచి రాలేదు. ఎనిమిదింబావు అయింది. అతను ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. అలిగిందిలే, అలగనీ అనుకున్నాడు. రిజిస్టరులో ఆవిడ గడిలో అడ్డగీత గీశాడు. టీ తాగాడు. సూదిలో దారం ఎక్కించి, ఒక స్కూలు హాజరుపట్టీ కాగితాలు కుట్టడం మొదలుపెట్టాడు.

పదీ యాభైకి మేనకోడలు ఫోను చేసింది. అమ్మ పెరట్లో పడిపోయిందని, ఆసుపత్రికి తీసుకొచ్చామని చెప్పింది. గొంతులో ఏడుపు లేదు, ఊపిరి మాత్రం అందడంలేదు.

ఆవిడ ఎనిమిదింటికే పెరట్లోకి వెళ్ళింది. గొట్టంలో నీళ్ళు వంచుకుని, దిమ్మె పక్కన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి చూసింది. లేవబోయి తడి ఆకుల మీద కాలు జారింది. తుంటి విరిగింది. కేకలు వేసిందట గానీ ఆ వానలో ఎవరికి వినిపిస్తాయి? కూతురు వచ్చేదాకా రెండు గంటలు అలాగే తడుస్తూ పడి ఉంది. గొట్టం పగిలిపోయింది. భూతద్దం మాత్రం ఆవిడ పిడికిట్లోనే ఉంది.

రెండో రోజు సాయంత్రానికి కాస్త మాట్లాడగలిగింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని డాక్టరు అప్పటికే చెప్పాడు. మేనకోడలు మందుల కోసం కిందికి వెళ్ళింది. బైండరు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, దుప్పటి అంచు సర్దుతున్నాడు.

"నాకు గీతలు కనబడటం లేదురా" అంది ఆవిడ. "ఏడాదిన్నర అయింది. కంటినరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. దానికి మందు లేదట."

"మరి ఆ అంకెలు?"

"విని వేశాను. వంటింటి మీద రేకులు ఉన్నాయి కదా. ఎంత గట్టిగా పడుతోందో, ఎంతసేపు పడిందో చూసుకుని వేసేదాన్ని. ముప్పై ఏళ్ళ నుంచీ వింటున్నాను, తెలియకుండా ఉంటుందా అనుకున్నాను." కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. "తెలియలేదనుకో."

"నాతో ఒక్క మాట అనకపోయావా అక్కా."

"చెబితే కొలవడం మానెయ్యమనేవాడివి. పొద్దున్నే లేవడానికి నాకు ఇంకేం పని ఉందిరా."

అతను క్షమించమని అడగాలనుకున్నాడు. అడగకుండా మళ్ళీ దుప్పటి అంచు సర్దాడు. ఆవిడే అతని మోచేతి మీద చెయ్యి వేసి, ఇవాళ నా పెరట్లో ఎంత పడింది, ఎవరు చూశారు అని అడిగింది. ఎవరూ చూడలేదని చెప్పడానికి అతనికి సిగ్గేసింది.

మర్నాటి నుంచి అతను పొద్దున్నే పైవీధికి వెళ్ళి, తన దగ్గరున్న వేరే గొట్టంతో అక్క వర్షమాపకాన్ని కొలిచి, అటునుంచి ఆసుపత్రికి వెళ్ళేవాడు. గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఆవిడ చెయ్యెత్తి ఆపేది. ముందు నన్ను చెప్పనీ అనేది. రాత్రంతా కిటికీకేసి చెవి పెట్టి విన్నదాన్ని బట్టి ఒక అంకె చెప్పేది. మొదటి రోజు పన్నెండు అంది. అతని జేబులోని చీటీ మీద ఇరవై ఆరు పాయింటు ఎనిమిది అని ఉంది. ఆసుపత్రి కిటికీలవి మందపాటి అద్దాలు, వాన చప్పుడు లోపలికి రాదు.

"పన్నెండు పాయింటు నాలుగు" అన్నాడు అతను.

ఆవిడ ముఖం విప్పారింది. పాయింటు నాలుగు కూడా చెప్పేదాన్నేగానీ నువ్వు ఎగతాళి చేస్తావని ఊరుకున్నానంది. ముప్పై ఒక్క ఏళ్ళలో అతను నోటితో చెప్పిన మొదటి తప్పుడు కొలత అది. తర్వాతి మూడు రోజులూ అలాగే చెప్పాడు. ఆవిడ ఏమంటే దానికి ఒక చుక్కా, ఒక అంకే చేర్చి ఇచ్చేవాడు. బయటకు వచ్చి నడవాలో బెంచీ మీద కూర్చుని అసలు అంకె రిజిస్టరులో ఎక్కించేవాడు.

పడిన ఏడో రోజు పొద్దున్న అతను వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. మేనకోడలు బేకరీ దుస్తుల్లోనే, మోచేతుల దాకా పిండితో, బయట నిలబడి ఉంది. పోయి అరగంట అయింది మావయ్యా అంది.

ఆ తర్వాత రెండు రోజులకి వాన వెలిసింది. మొత్తం ఇరవై ఒక్క రోజులు, తొమ్మిది వందల నలభై మిల్లీమీటర్లు. ఎండ కాసింది. ఊరంతా తలుపులూ కిటికీలూ తెరిచి పరుపులు గోడల మీద ఆరేసుకున్నారు.

అంతా అయ్యాక ఒక మధ్యాహ్నం మేనకోడలు అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి తల్లి ఫోను ముందు పెట్టింది. కళ్ళు కనబడక ఆవిడ ఫోనులో అక్షరాలు ఎంత పెద్దవి చేసుకుందంటే, తెర మీద ఒక్కో మాటే పట్టింది. నమ్మదగ్గవి, అని ఉంది. వేలితో జరిపితే, కావు, అని వచ్చింది. అతను అక్కడితో ఆపేశాడు.

"ఇంట్లో ఉండి నేనూ కనిపెట్టలేకపోయాను మావయ్యా" అంది మేనకోడలు. "చక్కెర డబ్బాలో ఉప్పు పోస్తే మతిమరుపు అని కసిరాను. నా తప్పు నాకుంది. కానీ ఆ రోజు నువ్వు ఫోనెందుకు చెయ్యలేదు? అందరికీ చేస్తావు కదా."

అలిగిందనుకున్నానని చెప్పాడు. దాచాలని అనిపించలేదు. చేతిలోకి తీసుకుని కూడా చెయ్యలేదని, ఆవిడే ముందు దిగిరావాలని అనుకున్నానని చెప్పాడు.

ఆ పిల్ల చాలాసేపు కిటికీలోంచి పెరట్లోకి చూసింది. "కొన్నాళ్ళు మా ఇంటికి రాకు" అంది చివరికి. "నిన్ను తిట్టడం లేదు. చూడలేకపోతున్నాను."

అతను లేచి వచ్చేశాడు.

మొదట పైవీధి వరుస తీసేసి పంపిన లెక్కలని వాతావరణ కార్యాలయానికి మళ్ళీ పంపాడు. పైవీధి వరుసలో మొదటి పదమూడు రోజుల గడుల్లోనూ అక్క చెప్పిన అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించి, కింద రెండు వాక్యాలు రాశాడు: ఇవి చూపు తగ్గిన కొలతదారు చెవితో విని వేసిన అంచనాలు, సగటులోకి తీసుకోవద్దు. వీటిని నమ్మదగ్గవి కావని నలుగురిలో అన్నది నా పొరపాటు. అలాంటివి మాకు అక్కర్లేదండీ, అంకెలు చాలు, అని కార్యాలయం నుంచి ఎవరో కుర్ర ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు. ఉండనివ్వమని బైండరు బతిమాలాడు. ఉంచారో తీసేశారో అతనికి ఎప్పటికీ తెలియలేదు. ఆ వారమే రిజిస్టర్లన్నీ గార్డుకి అప్పగించి, ఇకమీదట అంకెలు నీకు పంపిస్తానన్నాడు. గార్డు వద్దనలేదు, కారణం అడగలేదు. తనకు తోచిన పద్ధతిలో, అంటే కాస్త నిదానంగా, నడపడం మొదలుపెట్టాడు.

చలికాలం వచ్చింది, వానలు తగ్గాయి. పైవీధి అంకెలు రోజూ వస్తున్నాయని, మేనకోడలు బేకరీ నుంచి రాగానే పదింటికి చూసి పంపుతోందని, వేళ తప్పినా తను తీసుకుంటున్నానని గార్డు ఒకసారి మాటల్లో చెప్పాడు. బైండరు తల ఊపాడు. ఆ వీధి వైపు మాత్రం వెళ్ళలేదు. జిగురు మళ్ళీ చక్కగా ఆరుతోంది. ఆగిపోయిన పుస్తకాలన్నీ పూర్తయి వెళ్ళిపోయాయి. కొన్ని పొద్దులు అతను సూది చేత్తో పట్టుకుని దారం ఎక్కించకుండా అలాగే కూర్చుండిపోయేవాడు. వచ్చినవాళ్ళు రెండు సార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు.

చలి బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం మేనకోడలు దుకాణంలోకి వచ్చింది. కాస్త చిక్కింది. తల్లి శాలువా కప్పుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు. చుట్టూ ఉన్న పుస్తకాలని కాసేపు చూసింది.

"వర్షమాపకం బుడ్డి పగిలింది మావయ్యా. లోపల నీళ్ళు గడ్డకట్టాయి. కొత్తది ఎక్కడ దొరుకుతుంది?"

చలికాలంలో లోపలి బుడ్డి తీసేసి బయటి డబ్బా ఒక్కటే ఉంచాలని, ఆ సంగతి తను ముందే చెప్పాల్సిందని అతను అన్నాడు. తన దగ్గర ఒకటి అదనంగా ఉంది. అటక మీంచి దించి, దుమ్ము తుడిచి, పాత కాగితాల్లో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

ఆమె దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"నాకు బిగించడం రాదు" అంది.

అతను జిగురు గిన్నె మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, కోటు వేసుకున్నాడు. ఇద్దరూ పైవీధికి నడిచారు.